ఫ్రూటా తోటలు, అమ్మ, ఆ కాలువ

పోయిన వేసవిలో మళ్లీ ఫ్రూటా వెళ్లాం. అమ్మ పోయాక అటువైపు వెళ్లడం అదే మొదలు. కారు ఆపి తలుపు తీశానో లేదో, ఆ వాసన వచ్చి ముఖానికి తగిలింది. పండి రాలిన ఆప్రికాట్లు తడిగడ్డిలో మగ్గుతున్న వాసన, దానితో కలిసి, ఎండిన నేలకి అప్పుడే నీళ్లు పారితే లేచే మట్టి వాసన. మా అమ్మాయి అప్పటికే దిగి గేటు దాకా వెళ్లిపోయింది. "అమ్మా, రావా?" అని అక్కణ్ణుంచి పిలుస్తోంది. నాకు లేవబుద్ధి కాలేదు. కాసేపు అలాగే కూర్చుని ఆ గాలి పీల్చుకున్నాను.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇది రాయాలని అనుకుంటూనే ఉన్నాను. నాకు గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తాను, వరస ఉండదు.

తెలియనివాళ్ల కోసం ముందుగా కొంచెం చెప్తాను. అమెరికాలో యూటా రాష్ట్రం దక్షిణ భాగంలో కాపిటల్ రీఫ్ అనే నేషనల్ పార్కు ఉంది. దాని నడిమధ్యన, ఫ్రీమాంట్ నది ఒడ్డున ఉన్న పాత పల్లె ఫ్రూటా. ఊరివాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, వాళ్లు వేసిన తోటలు మాత్రం ఉన్నాయి. దాదాపు 2,000 చెట్లు: చెర్రీ, ఆప్రికాట్, పీచ్, పియర్, ప్లమ్, యాపిల్. పండినవాటిని ఎవరైనా వెళ్లి చేత్తో కోసుకోవచ్చు. తోటలో ఉన్నంతసేపూ ఎంత తిన్నా డబ్బులు అడగరు, బయటికి తీసుకెళ్లేదానికే తూకం. చుట్టూ చూస్తే ఎడారి. ఏడాది పొడుగునా కలిపి పడే వాన 8 అంగుళాలకి అటూఇటూ.

*

యూటాలోనే, సాల్ట్ లేక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ముగ్గురు అమ్మాయిలం కలిసి ఒక పెద్దావిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. మాలో వయసులో పెద్దామెని మేమిద్దరం అక్కా అనేవాళ్లం. కారు ఉన్నది ఆమెకే. అది పాత కారు, దాని ఏసీ ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు మొరాయిస్తుందో తెలిసేది కాదు. ఫోనులో దారి చూసుకునే కాలం కాదు కాబట్టి, రోడ్ల అట్లాస్ ఒకటి ఎప్పుడూ ముందు సీటులో కూర్చున్నవాళ్ల ఒళ్లో ఉండేది. ఎక్కువసార్లు అది నా ఒళ్లోనే.

ఒక జులైలో ఆర్చెస్ అనే రాతికమానుల పార్కు చూద్దామని బయల్దేరాం. అందరూ వెళ్లే దారిలో వద్దు, కిందనుంచి చుట్టి వెళ్దాం అంది అక్క. స్కిపియో దగ్గర పెద్ద రోడ్డు వదిలి, సలైనా మీదుగా 24వ నంబరు రోడ్డెక్కాం. లోవా, బిక్‌నెల్, టోరీ అన్నీ చిన్నచిన్న ఊళ్లు. పచ్చగడ్డి పొలాలు, మేస్తున్న ఆవులు, కట్టలు కట్టి పేర్చిన ఎండుగడ్డి. అదంతా సముద్రమట్టానికి ఏడు వేల అడుగుల ఎత్తున్న మైదానం, గాలి చల్లగానే ఉంది. టోరీ దాటాక రోడ్డు కిందికి దిగడం మొదలుపెట్టింది. దిగేకొద్దీ ఎర్రరాయి. అడుగున చాక్లెట్ రంగులో పొరలు పొరలుగా ఉన్న బండ, దానిమీద నిటారుగా లేచిన ఎర్రటి గోడలు, ఇంకా పైన తెల్లటి గుండ్రటి గుట్టలు. ఆ గుట్టలు చూసే పాతకాలం వాళ్లు ప్రభుత్వ భవనాల గుమ్మటాలతో పోల్చి కాపిటల్ అన్నారట. కిటికీలోంచి వేడిగాలి. ఏసీ ఆరోజు పనిచెయ్యలేదు.

"ఇక్కడ మనిషన్నవాడు ఎట్లా బతుకుతాడే?" అంది అక్క.

ఆ మాట పూర్తయ్యేలోపే రోడ్డు మలుపు తిరిగింది. ఎదురుగా ఒక్కసారిగా పచ్చదనం. రోడ్డుకి రెండువైపులా చెట్లు, చెట్ల కింద మోకాలెత్తు గడ్డి, అంతెత్తు కాటన్‌వుడ్ చెట్ల ఆకులు గాలికి గలగలమంటున్నాయి. అంతవరకూ ఇంజను చప్పుడు, గాలి హోరు తప్ప ఏమీ వినలేదేమో, కారు ఆపగానే ఆ ఆకుల చప్పుడు, ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు స్పష్టంగా వినపడ్డాయి. గేటు పక్కన బోర్డు: ఈ తోటలో కోసుకోవచ్చు. గేటు తీసే ఉంది.

లోపల ఒక చెక్క బల్ల, దాని దగ్గర త్రాసు, సంచులు, పౌను ఇంతని రాసిన కాగితం, డబ్బులు వెయ్యడానికి సందున్న ఇనపపెట్టె. అంతే. మనిషి లేడు.

"ఎవరికివ్వాలక్కా డబ్బులు?"

"ఆ పెట్టెలో వెయ్యమని రాశారుగా."

"ఎవరూ లేరే మరి?"

"లేకపోతేనేం, వేస్తాం" అంది అక్క. అప్పటికే ఆమె చేతిలో ఒక పండుంది.

ఆ మొదటి పండు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఎండవైపున్న బుగ్గమీద ఎర్రటి చుక్కలు, నీడవైపు పసుపు. మధ్యలో ఉన్న గాటుమీద బొటనవేలితో నొక్కితే రెండుగా విడిపోయింది. గింజ శుభ్రంగా ఊడి అరచేతిలో పడింది, దానికి కొంచెం గుజ్జు కూడా అంటుకోలేదు. మిట్టమధ్యాహ్నం కదా, పండు లోపలి దాకా వేడెక్కి ఉంది. దుకాణంలో ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే ఆప్రికాట్ తిని, ఇదేం పండని పక్కన పెట్టినదాన్ని నేను. అక్కడ చెట్టుకింద నిలబడి తిన్నవి ఎన్నో తెలియదు. మోచేతుల దాకా రసం కారింది. కాలువలో చేతులు కడుక్కున్నాం, మళ్లీ తిన్నాం. ఆర్చెస్ చేరేసరికి చీకటి పడిపోయింది, ఆరోజు ఒక్క రాతికమాను కూడా చూడలేదు. ఎవరికీ బాధ కూడా లేదు.

*

ఆ తర్వాత ఏ కాస్త వీలు దొరికినా ఫ్రూటాయే. వెళ్లేకొద్దీ ఆ ఊరి సంగతులు కొన్ని తెలిశాయి. పార్కు రేంజర్లు చెప్పినవి కొన్ని, బోర్డులమీద చదివినవి కొన్ని.

1880 ప్రాంతంలో నెల్స్ జాన్సన్ అనే ఆయన వచ్చి మొదట ఇల్లు కట్టుకున్నాడు. సల్ఫర్ క్రీక్ అనే వాగు వచ్చి ఫ్రీమాంట్ నదిలో కలిసే చోటు కాబట్టి మొదట్లో ఊరిని జంక్షన్ అనేవాళ్లు. తోటలు కాపుకొచ్చి పేరు పడ్డాక ఫ్రూటా అయింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మోర్మన్ అనే క్రైస్తవ శాఖవాళ్లు. ఏ కాలంలోనూ పది కుటుంబాలకి మించి ఉన్నది లేదు. చేతిలో నగదు ఆడేది కాదు. పైన లోవా, టోరీ వైపు మంచు ఎక్కువ, పళ్లు కాయవు. ఫ్రూటా ఎత్తు 5,500 అడుగులే. పైగా చుట్టూ ఉన్న ఎర్రగోడలు పగలంతా ఎండ తాగి, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతాయి. అందుకని ఇక్కడ కాపు నిలబడుతుంది. పళ్లు బండికెత్తుకుని పై ఊళ్లకి వెళ్లి, గింజలకీ కావలసిన సరుకులకీ మారకం వేసుకుని వచ్చేవాళ్లు.

1896లో దుంగలతో కట్టిన ఒంటిగది బడి ఇంకా అక్కడే ఉంది. బడీ అదే, ప్రార్థనకీ అదే, పండగనాడు డాన్సులకీ అదే. కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తే లోపల బల్లలు వరసగా కనిపిస్తాయి. పిల్లలు తగ్గిపోయి 1941లో మూసేశారు. అప్పటికే, 1937లో, చుట్టుపక్కల కొండల్ని ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. 1962లో నది వెంబడి 24వ నంబరు రోడ్డు వేశారు. అంతకుముందు బళ్లు, కార్లు కాపిటల్ గోర్జ్ అనే ఇరుకు లోయలోంచి పోవాల్సిందే. వరద వచ్చిన ప్రతిసారీ కొట్టుకొచ్చిన బండలు తీసుకుంటే తప్ప దారి ఉండేది కాదు. అటు నడిచి వెళ్తే, ఆ దారిన పోయినవాళ్లు గోడమీద చెక్కుకున్న పేర్లు ఇప్పటికీ చదవచ్చు. ఊళ్లో భూములు ఒక్కొక్కటే ప్రభుత్వం కొనేసింది. ఆఖరున ఉన్న డ్యూయీ గిఫర్డ్ కుటుంబం 1969లో వెళ్లిపోయింది. 1971లో నేషనల్ పార్కు అయింది.

ఇక్కడే నాకు ఆ పార్కువాళ్లమీద గౌరవం. మనుషులు పోయాక తోటల్ని ఎండగట్టి, అంతా మళ్లీ అడివి చేసెయ్యచ్చు. వాళ్లు ఆ పని చెయ్యలేదు. నదిలోంచి కాలువల్లోకి, కాలువల్లోంచి చెట్ల మధ్యకి, పాతవాళ్లు కట్టినట్టే ఇప్పటికీ నీళ్లు కడుతున్నారు. కొమ్మలు కత్తిరిస్తారు, చచ్చిన చెట్టు తీసి కొత్తది నాటుతారు. తోటల పేర్లు కూడా పాత యజమానులవే: జాక్సన్ తోట, చెస్‌నట్ తోట, మల్‌ఫోర్డ్ తోట. ఆ పేర్లు నాకు చాలా ఇష్టం. ఎవరో ఒకాయన నీళ్ల వంతుకోసం రాత్రిళ్లు నిద్ర మానుకుని పెంచిన చెట్టు, ఆయన పేరుతోనే ఇంకా కాస్తోంది.

గిఫర్డ్‌ల ఇంట్లో ఇప్పుడు చిన్న అంగడి ఉంది. వేసవిలో అరచేతిలో పట్టేంత పళ్ల పైలు (లోపల పళ్లు పెట్టి కాల్చే తీపి రొట్టెలు) అమ్ముతారు, జాములు అమ్ముతారు. పైలు తొందరగా అయిపోతాయి. మా అక్క కారు దిగగానే ముందు అటు పరుగెత్తేది, తోటలోకి ఆ తర్వాతే.

*

జూన్ మధ్య నుంచి చెర్రీలు. అప్పుడు జనం ఎక్కువ. తోట తెరిచారని తెలిస్తే రెండు మూడు రోజుల్లో అందే కొమ్మలన్నీ ఖాళీ. పైకొమ్మల కోసం మూడుకాళ్ల నిచ్చెనలు పెడతారు, వాటి మూడో కాలు చెట్టులోకి దూరేలా పెట్టుకోవాలి. చెట్టెక్కనివ్వరు. పొడుగాటి కర్ర చివర పంజా, దాని కింద సంచి ఉన్న కోతకర్రలు కూడా ఉంటాయి. చెర్రీలకి అది పనికిరాదు, పీచ్‌కీ యాపిల్‌కీ బాగుంటుంది.

చెర్రీలు అయిపోతుండగానే ఆప్రికాట్లు, ఆగస్టులో పీచ్‌లు, పియర్లు, సెప్టెంబరు నుంచి యాపిల్స్. పీచ్‌లలో ఎల్బెర్టా అని పాత రకం ఉంది. పెద్దవి, పసుపు గుజ్జు, చేతికి నూగు అంటుకుని సాయంత్రం దాకా దురద. యాపిల్స్‌లో జొనాథన్, వైన్‌సాప్. ఆ తోటల్లోనే కనిపెట్టి కాపిటల్ రీఫ్ రెడ్ అని పేరు పెట్టిన రకం కూడా ఉంది. అక్టోబరులో ఆ యాపిల్ కొరికితే పళ్లు జిల్లుమనేవి. రాత్రి చలికి చెట్టుమీదే ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లబడి ఉంటుంది.

సాయంత్రం అయ్యేసరికి జింకలు వస్తాయి. పెద్దపెద్ద చెవులుండే మ్యూల్ డీర్. మనుషుల్ని లెక్కచెయ్యవు. రాలిన పళ్లు ఏరుకుంటూ చెట్టు నుంచి చెట్టుకి పోతాయి. తోటల పక్కనే క్యాంపు గ్రౌండు. డేరాలో పడుకుంటే రాత్రంతా గడ్డిలో పళ్లు రాలే చప్పుడు, జింకలు నమిలే చప్పుడు, వీటన్నిటి వెనకా కాలువ చప్పుడు. నగరంలో నాకు నిద్ర సరిగ్గా పట్టని రోజులు ఉండేవి. ఫ్రూటాలో ఒక్క రాత్రి కూడా అలా జరగలేదు.

వెళ్లిన ప్రతిసారీ పళ్లు దొరుకుతాయని కాదు. ఆప్రికాట్ తొందరగా పూస్తుంది. చలికాలం చివర్లో నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, మొగ్గ విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఒక్క రాత్రి గట్టిగా మంచు పడితే పూత నల్లబడి రాలిపోతుంది. మేం ఉన్న రోజుల్లోనూ అలాంటి ఏడు వచ్చింది, ఖాళీ చెట్ల కింద తిరిగి వచ్చేశాం. ఈమధ్య ముందే ఎండలు ముదిరి ఇది ఎక్కువైందని పార్కువాళ్లే అంటున్నారు. పోయిన వేసవిలో చూస్తే, ఒకచోట ముసలి చెట్లు తీసేసి, వరసగా కర్రలు పాతి, జింకలు తినకుండా వల చుట్టి లేత మొక్కలు పెట్టారు. నాకు తెలిసిన చెట్లు కొన్ని అందులో పోయాయి. బాధగానే ఉంది. కానీ పండ్లచెట్టుకి ఆయుష్షు తక్కువ. ఎప్పటికప్పుడు నాటుకుంటూ పోతేనే తోట. ఆ మొక్కలకి కూడా పక్కన చిన్న బోదె తీసి నీళ్లు వదలడం చూసి మనసు కుదుటపడింది.

*

నాకు పెళ్లయి, అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు అమ్మ వచ్చింది. వచ్చిన వారానికే ఇంట్లో ఊపిరాడనట్టు అయిపోయింది. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. "ఇక్కడ నేలమీద కాలుపెట్టే పనే లేదు కదే" అనేది. అమ్మ పుట్టిందీ మెట్టిందీ వ్యవసాయం ఉన్న ఇళ్లలోనే. పొద్దున లేస్తే పొలం గట్టున నడిచి రావడం ఆమెకి అలవాటు. అందుకే ఫ్రూటా తీసుకెళ్లాం.

దారి పొడుగునా ఆమె ఆ ఎర్రకొండల్ని చూసి ఒక్క మాట అనలేదు. నేను పేర్లు చెప్తున్నా ఊఁ కొట్టి ఊరుకుంది. కారు దిగాక మావారు నిచ్చెన తెచ్చి చెట్టుకి ఆనించి పిలిచారు.

"అత్తయ్యగారూ, ఇటు రండి, ఇవి బాగా పండాయి. ఇక్కడే తినెయ్యచ్చు."

"మీరు కొయ్యండి బాబూ, నేనిప్పుడే వస్తా" అని ఆమె చెట్లకేసి కాకుండా కంచె వారగా నడుచుకుంటూ పోయింది.

ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. కాలువ గట్టున గొంతుకూర్చుని ఉంది. చెయ్యి మణికట్టు దాకా నీళ్లలో.

"చల్లగా ఉన్నాయే. ఎక్కడివి?"

"పైన కొండలమీద మంచు కరిగి నదిలోకి వస్తుందమ్మా. నదిలోంచి ఇటు మళ్లించారు."

"మోటారా?"

"లేదు, వాటంతట అవే పారతాయి."

అమ్మ కాలువని ఎగువకీ దిగువకీ చూసింది. "వాటం బాగా చూసి తవ్వారు" అంది. కాసేపాగి అడిగింది, "ఇవాళ వంతు ఎవరిది?"

నా దగ్గర జవాబు లేదు. అన్నిసార్లు వెళ్లినదాన్ని, ఆ కాలువలో చేతులూ కాళ్లూ కడుక్కున్నాను, ఫోటోలు తీసుకున్నాను. ఆ నీళ్లు ఒక్కో తోటకి ఎప్పుడు వెళ్తాయో, ఎవరు తిప్పుతారో అన్న ఆలోచనే రాలేదు.

సరిగ్గా అప్పుడే పార్కులో పనిచేసే ఒకాయన వచ్చాడు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజాన పార. చేతిలో ఒక కర్ర, దానికి బిగించిన పట్టా గుడ్డ. కర్రని కాలువకి అడ్డంగా రెండు గట్లమీదా ఆనించి, గుడ్డ నీళ్లలోకి జారవిడిచి, దాని అంచుమీద రెండు పారల మట్టి వేశాడు. నీళ్లు వెనక్కి తన్ని, మెల్లగా పైకి లేచి, పక్కనున్న గండిలోంచి తోటలోకి పారడం మొదలైంది. గడ్డి పోచలు ఒక్కొక్కటే వంగుతూ దారి ఇస్తున్నాయి. ఎండిన ఆకులు, చీమలు, రాలిన పళ్లు నీళ్ల ముందంచున కొట్టుకుపోతున్నాయి. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"మడవ కడుతున్నాడే!"

ఆయన అవతలికి వెళ్లాడు. అమ్మ గట్టు వెంటే నడుస్తూ ఒకచోట ఆగి, "ఇదిగో, ఇటు పోతున్నాయి నీళ్లు" అంది. గట్టుకి ఎలుకబొరియ పడింది, దాంట్లోంచి నీళ్లు గుడగుడమని అవతలి ఇసకలోకి పోతున్నాయి. ఆయన్ని కేకేసింది, తెలుగులోనే. ఆయన వచ్చి వంగి చూస్తుండగానే, అమ్మ చెయ్యి చాపి పార అడిగింది. ఆయన నవ్వి ఇచ్చాడు. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గట్టు పక్కన గడ్డి వేళ్లతో సహా ఒక పెళ్ల కోసి, బొరియలో తలకిందులుగా కుక్కి, మడమతో తొక్కింది. మీద ఇంకో పార తడిమట్టి వేసి పార వెనకవైపుతో చదును చేసింది. చప్పుడు ఆగిపోయింది.

"ఈవిడకి ఇది కొత్తేం కాదు" అన్నాడాయన నాతో. అమ్మకి చెప్పాను.

"చెప్పవే, పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పనని" అంది అమ్మ.

ఆ తర్వాత వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో నేను. మీ దగ్గర నీళ్లు ఎట్లా పంచుకుంటారని ఆయన అడిగాడు. గంటల లెక్కన, ఎకరాన్నిబట్టి వంతులు, రాత్రి వంతు వస్తే లాంతరు పట్టుకుని పోవాల్సిందేనని అమ్మ చెప్పింది. యూటాలో పాతకాలపు పల్లెల్లోనూ అలాగే వంతులు ఉండేవని, తన తాత కూడా అర్ధరాత్రి లేచి నీళ్లు తిప్పుకోవడానికి పోయేవాడని ఆయన చెప్పాడు. నాకు చిన్నప్పటి రాత్రులు గుర్తొచ్చాయి. నాన్న ఊళ్లో లేనప్పుడు వంతు వస్తే అమ్మ నన్ను ఒంటరిగా ఇంట్లో వదల్లేక వెంట తీసుకుపోయేది. గట్టుమీద గోనెసంచి పరిచి పడుకోబెట్టేది. లాంతరు వెలుగు చేనులో దూరంగా కదులుతూ ఉండేది. పార మట్టిలో దిగే చప్పుడు, ఆ తర్వాత నీళ్ల చప్పుడు. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. క్యాంపు గ్రౌండులో నాకు అంత నిద్ర ఎందుకు పట్టేదో అప్పుడర్థమైంది.

అమ్మ కాళ్లూ చేతులూ కాలువలో కడుక్కుని అప్పుడు తోటలోకి వచ్చింది. మావారు కోస్తున్న తీరు చూసి ఊరుకోలేదు.

"లాగకండి బాబూ, పండుని పైకెత్తి తిప్పండి. పండినదైతే అదే చేతిలోకి వస్తుంది. లాగితే కాడతోపాటు వచ్చే ఏటి మొగ్గ కూడా ఊడిపోతుంది."

ఆయన నిచ్చెనమీదనుంచి అలాగే అత్తయ్యగారూ అన్నారు. ఆరోజు నుంచీ ఆయన ఏ చెట్టు దగ్గరైనా అలాగే కోస్తారు. అమ్మాయికీ అదే నేర్పారు.

బల్ల దగ్గర తూకం వేస్తుంటే అమ్మ అడిగింది, "మరి తిన్నవాటికో?"

"వాటికి డబ్బులు లేవమ్మా. తోటలో తిన్నది ఊరికే."

అమ్మ తలూపింది. "అవును, చెట్టుకింద తిన్నదానికి ఎవడు లెక్కగడతాడు?" అని, పెట్టెలో డబ్బులు తనే వేసింది.

*

తెచ్చిన పళ్లు రెండు పెట్టెలు. ఆప్రికాట్ ఇంట్లో రెండు మూడు రోజులకంటే ఆగదు. నేను ముందు అద్దెకున్న ఇంటి పెద్దావిడకి ఫోన్ చేస్తే, అన్నీ తీసుకుని వచ్చెయ్యమంది. యూటాలో ఆ తరం ఆడవాళ్లకి పళ్లు సీసాల్లో పెట్టడం ప్రతి వేసవిలో చేసే పని. చర్చిలో కూడా ఇంట్లో తిండి నిలవ ఉంచుకోమని చెప్తారు. ఆవిడ బేస్‌మెంటులో గోడ పొడుగునా చెక్క అరలు. ప్రతి మూతమీదా పండు పేరు, ఏడాది. మేం ముగ్గురం అద్దెకున్నప్పుడు ఆ అరల పక్కనుంచే మా గదుల్లోకి వెళ్లేవాళ్లం.

అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. నేను కుర్చీలో కూర్చున్నాను, నన్ను లేవనివ్వలేదు ఇద్దరూ. పళ్లు రెండుగా విడదీయడం అమ్మ పని. సీసాలో అరముక్కల్ని బోర్లా, ఒకదానిమీద ఒకటి చేపపొలుసు మాదిరి పేర్చడం ఆవిడ పని. పైనుంచి పలచటి పంచదార పాకం. సన్నటి కత్తి సీసా అంచు వెంట దింపి గాలిబుడగలు తీసేది. అంచు తుడిచి, మూత పెట్టి, వేళ్లతో బిగించి, పెద్ద ఎనామిల్ గిన్నెలో మరుగుతున్న నీళ్లలోకి దింపేది. గోడమీద గడియారం చూసి అమ్మకి వేళ్లమీద చూపించింది, ఇంతసేపని. సాల్ట్ లేక్ 4,200 అడుగుల ఎత్తులో ఉంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. అందుకే ఇక్కడ పుస్తకంలో రాసినదానికంటే ఇంకాసేపు ఉంచాలని నాతో చెప్పించింది. అమ్మ ఆశ్చర్యపోయింది. కందిపప్పు ఎందుకు తొందరగా ఉడకట్లేదో నీకిప్పుడు తెలిసిందా అంది నాతో.

సీసాలన్నీ తీసి తువ్వాలుమీద వరసగా పెట్టారు. ఇద్దరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. చల్లారేకొద్దీ మూతలు లోపలికి లాగుకుని టిక్కుమంటాయి. మొదటి టిక్కుకి అమ్మ ఉలిక్కిపడింది. ఆవిడ నవ్వి, చెవి దగ్గర చెయ్యి పెట్టి విను అన్నట్టు సైగ చేసింది. ఆ తర్వాత అమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు. ఆవిడ కూడా ఆమె వెనకే ఇంగ్లీషులో లెక్కపెట్టింది. చివరికి ఒక సీసా మాత్రం పలకలేదు. మూతమీద వేలితో నొక్కితే కిందికీ పైకీ ఆడుతోంది. అది నిలవ ఉండదని, ఆ రాత్రికే తినెయ్యాలని చెప్పి మా సంచిలో పెట్టింది.

మా అమ్మాయి పుట్టింది, అమ్మ ఇంకొన్నాళ్లు ఉండి వెళ్లిపోయింది. ఆ చలికాలమంతా సీసాలు ఒక్కొక్కటే తీశాం. ఆఖరి సీసా మార్చిలో తెరిచాను. అప్పటికి ఫ్రూటాలో ఆప్రికాట్లు పూశాయని స్నేహితురాలు చెప్పింది. అమ్మకి ఫోన్ చేసి రెండూ చెప్పాను, సీసా తెరిచానని, చెట్లు పూశాయని.

"కాలువ వదిలారా?" అంది అమ్మ.

"ఇంకా లేదనుకుంటానమ్మా. మంచు కరిగాక వదులుతారేమో."

"పూత మొదలైందంటున్నావ్, ఇంకా వదలకపోవడమేంటి? ఆ బూట్లాయన ఎలాగూ అక్కడే ఉంటాడుగా, ఈసారి వెళ్లినప్పుడు ఆ బొరియ మళ్లీ పడిందేమో చూడమని చెప్పు."